లీజు వ్యానుకు రంగు పొక్కులు

ప్రశ్న: కళింగపట్నం నుంచి చేపలు చేరవేసేందుకు లీజుకు తీసుకున్న నా వ్యానుకు 8 నెలలకే తలుపు అంచున రంగు పొక్కులు కట్టి లేచిపోతోంది. ఉప్పుగాలే కారణమంటూ డీలరు వారంటీ ఇవ్వనంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీ బాధ న్యాయమైనదే. రాయి తగిలిన చోట మొదలైన తుప్పు వేరు, గీత కూడా పడని చోట లోపలి నుంచి ఉబ్బిన పొక్కు వేరు; రెండోది రంగు వేయడంలోని లోపం కావచ్చు. కాబట్టి మరమ్మతు చేయించకముందే తేదీ తెలిసేలా దగ్గరి ఫొటోలు తీసి, రంగు పొర మందాన్ని మైక్రాన్లలో కొలిపించి, ఆ నివేదికను భద్రపరచండి. నిరాకరణను రాతపూర్వకంగా అడగండి. బండి యజమాని లీజు సంస్థే కనుక వారికీ లేఖ రాయండి. నెలవారీ అద్దె మాత్రం ఆపవద్దు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే బండి నడుపుతున్నట్లయితే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2 ఏళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.