స్ట్రెచింగ్ వ్యాయామానికి ముందు చేయాలా, తర్వాత చేయాలా?

కండరాన్ని సాగదీసి కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్‌ను వ్యాయామం అయ్యాక, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడే చేయండి. ముందు మాత్రం కీళ్లను కదిలిస్తూ 5-10 నిమిషాలు వార్మప్ చేస్తే చాలు.

ఒకే కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి ఉంచితే కాసేపు దాని బలం, వేగం కొద్దిగా తగ్గుతాయి. పరుగుకో బరువులెత్తడానికో ముందు అది నష్టమే. 30 సెకన్ల లోపైతే పెద్ద తేడా ఉండదు.

అలాగని స్ట్రెచింగ్ మానేయకూడదు. కీళ్లు పూర్తిగా కదిలితేనే వ్యాయామం సరైన భంగిమలో కుదురుతుంది. గుంజీలు తీసినట్టు కిందికి కూర్చుని లేచే స్క్వాట్‌నే తీసుకోండి. చీలమండ బిగుసుకుపోయి ఉంటే కిందికి దిగేటప్పుడు మడమలు లేస్తాయి, లేదా ఒళ్లు అతిగా ముందుకు వాలుతుంది. దీనికి గోడకు ఎదురుగా నిలబడి ఒక కాలు వెనక్కి పెట్టండి. ఆ మడమను నేలకు ఆనించే ఉంచి, అదే కాలి మోకాలిని కొద్దిగా వంచి ముందుకు ఒరగండి. ఒక్కో కాలికి 30 సెకన్ల చొప్పున రెండుసార్లు, వారానికి కనీసం 2-3 రోజులు. మోకాలు నిటారుగా ఉంటే పిక్క పైకండరమే ఎక్కువ సాగుతుంది. స్క్వాట్‌లో ఎక్కువగా అడ్డుపడేది దాని లోపలి కండరం, అందుకే వంచాలి. లాగినట్టు అనిపించాలి గానీ నొప్పి పుట్టకూడదు. కుదుపులివ్వకండి, ఊపిరి బిగబట్టకండి.

స్ట్రెచింగ్ చేస్తే మర్నాడు ఒళ్లు నొప్పులు రావని చాలామంది నమ్ముతారు. అలవాటు లేని శ్రమ వల్ల కండర తంతువులకు కలిగే సూక్ష్మ గాయాలే ఆ నొప్పికి ప్రధాన కారణం. సాగదీసినంత మాత్రాన అది పెద్దగా తగ్గదు. వ్యాయామ భారాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతేనే తగ్గుతుంది.