పొలం తాకట్టు పెట్టి హాలీవుడ్ ఎడిటింగ్‌కు పంపవచ్చునా?

ప్రశ్న: మా అబ్బాయి బి.టెక్. కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. స్నేహితుల షార్ట్ ఫిల్ములు ఎడిట్ చేస్తుంటాడు. లాస్ ఏంజెలెస్‌లో ఎం.ఎఫ్.ఏ. (లలితకళల్లో పి.జి.) చేసి హాలీవుడ్ ఎడిటర్‌నవుతానని పట్టుబడుతున్నాడు. పొలం తాకట్టు పెట్టి పంపమంటారా, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మేలంటారా? అక్కడ ఎడిటర్లకు స్థిరమైన ప్యాకేజీ ఉంటుందా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకు ఏటా నాలుగైదు సార్లయినా వస్తుంది. ఊరు మారుతుంది, ఎకరాలు మారుతాయి, ‘స్థిరమైన ప్యాకేజీ’ అన్న మాట మాత్రం మారదు. హాలీవుడ్‌లో ఎడిటర్‌కు యూనియన్ ఒప్పందం ప్రకారం కనీస వేతనం ఉంటుంది, అది తక్కువేమీ కాదు. అయితే సినిమా పూర్తయిన మర్నాడు ఆ ఉద్యోగమూ పూర్తవుతుంది, మళ్లీ పని వెతుక్కోవలసిందే. 2023లో రచయితలు 148 రోజులు, నటులు 118 రోజులు సమ్మె చేసినప్పుడు, సమ్మెలో లేని ఎడిటర్లకు కూడా పని కరువైంది.

ఇక ఎడిటింగ్ గదిలోకి ప్రవేశించే దారి. డిగ్రీ చేతికి రాగానే ఎవరూ ఎడిటర్ కుర్చీ చూపించరు. ముందు అసిస్టెంటుగా కొన్నేళ్లు గడపాలి. షూటింగ్ నుంచి వచ్చిన రష్‌లో (కోయని ముడి ఫుటేజీలో) క్లాప్ బోర్డు మూసుకున్న ఫ్రేము దగ్గరకు సరిగ్గా ఆ ‘టక్’ శబ్దాన్ని జతచేయడం, ప్రతి టేకుకూ పేరు పెట్టి భద్రపరచడం, సౌండ్ వారికీ గ్రాఫిక్స్ వారికీ కావలసిన ఫైళ్లు సిద్ధం చేయడం వంటివి ఆ దశలో పనులు. సెకనుకు 24 ఫ్రేములు. రెండు మూడు తేడా వచ్చినా పెదవి ఒకచోట, మాట ఒకచోట పడతాయి. హాలీవుడ్ ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ సంగతే చూడండి. 1970లో వచ్చిన ఒక డాక్యుమెంటరీతోనే ఆస్కార్ నామినేషన్ పొందిన ఆమె, ఐదేళ్లు అప్రెంటిస్‌గా, మూడేళ్లు అసిస్టెంటుగా పనిచేస్తేనే సభ్యత్వమన్న నాటి యూనియన్ నిబంధన కారణంగా, దాదాపు దశాబ్దం పాటు దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ సినిమాలకు దూరంగా ఉండిపోయారు. 1980లో తిరిగి ఆయనతో కలిశాక మూడు ఆస్కార్లు గెలుచుకున్నారు. నిబంధనలు నాటికీ నేటికీ మారాయి గాని, ఆ నిదానం మారలేదు.

ఆ నిదానానికీ వీసా గడియారానికీ పొసగదన్నదే నా అసలు సందేహం. మీ బంధువుల పిల్లలు ఎం.ఎస్. చేసి అక్కడ నిలదొక్కుకున్న లెక్కను మీరు దీనికీ వేస్తున్నారు. కంప్యూటర్ చదువుకు కోర్సు తరువాత 12 నెలలు, దానిపైన మరో 24 నెలలు పని చేసుకునే అనుమతి దొరుకుతుంది. సినిమా కోర్సులకు సాధారణంగా ఆ 12 నెలలే. అసిస్టెంటుగా కూడా కుదురుకోని ఆ ఏడాదిలో, మూడు నెలలకో నిర్మాత మారే ఈ వృత్తిలో, హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీకి పేరు పంపే యజమాని ఎక్కడ దొరుకుతాడు? ప్రతిభావంతులకిచ్చే ఓ-1 వీసాకు అప్పటికే పేరూ, పనీ, యూనియన్ అభిప్రాయ లేఖా ఉండాలి. రెండేళ్ల ఫీజు, బస ఖర్చు కలిపితే కోటి రూపాయలు దాటే చదువుకు ఇంత ఇరుకైన ద్వారం ఉందని ఏజెంట్లు మీకు చెప్పరు. ఆరు నెలల్లో ఎడిటర్‌ను చేస్తామనే మన అమీర్‌పేట కోర్సుల మీదా నాకు నమ్మకం లేదు. వాళ్లు నేర్పేది మీటలు, ఏది కోయాలో కాదు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడక తప్పదు. మీ ఉత్తరం మూడు పేజీలు ఉంది. ఎకరం ధర ఉంది, బ్యాంకు వడ్డీ ఉంది, మీ బావమరిది కొడుకు జీతం కూడా ఉంది. అబ్బాయి ఎడిట్ చేసిన షార్ట్ ఫిల్ముల్లో ఒక్కటి చూసినట్టు ఎక్కడా లేదు. పొలం తాకట్టుకు సిద్ధపడిన మనిషి, పది నిమిషాల సినిమా చూడడానికి తీరిక చేసుకోలేకపోయారా?

మీరు భయపడుతున్నట్టు వాడు చెడిపోవడం లేదు. మన పాత సినిమాల టైటిళ్లలో ‘కూర్పు’ అని వేసేవారు, అది అప్పుడూ గౌరవమైన పనే. ఎడిటర్ ఎ. శ్రీకర్ ప్రసాద్ గారు సాహిత్యంలో డిగ్రీ చేసి, ఎడిటింగును తండ్రి సంజీవి గారి గదిలోనే నేర్చుకుని, అనేక భాషల సినిమాలకు పనిచేశారు. అది సినిమా కుటుంబమన్న మాట నిజమే, అయినా నేర్చుకున్నది గదిలోనే. పుణె సంస్థలోని మూడేళ్ల కోర్సు గురించి నేను చెప్పవలసింది కొంచెమే: డిగ్రీ ఉండాలి, సీట్లు బహు స్వల్పం, ఖర్చు మాత్రం అమెరికా ఖర్చులో చిన్న వంతు. అది రాకపోతే హైదరాబాదులో ఒక ఎడిటర్ దగ్గర అసిస్టెంటుగా రెండేళ్లు. ఏ దారయినా బి.టెక్. పూర్తి కావాలి, ఆ విషయంలో మీ పట్టు న్యాయమే.

ఈలోగా ఒక పని చేయండి. మీ ఇంట్లో జరిగిన పెళ్లి తాలూకు కోయని వీడియో అయిదారు గంటలది ఫోటోగ్రాఫర్ దగ్గర తెప్పించి, పాటలు వేయకుండా ఏడు నిమిషాలకు కుదించమని అబ్బాయికి ఇవ్వండి. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. పూర్తయ్యాక పక్కన కూర్చుని చూసి, మీకు ఎక్కడ విసుగు పుట్టిందో ఉన్నదున్నట్టు చెప్పండి. మళ్లీ కోయమనండి, మళ్లీ చూడండి. నాలుగోసారి కూడా విసుక్కోకుండా టైమ్‌లైన్ ముందు కూర్చుంటే నాకు రాయండి, పుణె దరఖాస్తు సంగతి అప్పుడు చూద్దాం.