ముందు ఆ మాత్ర సంగతి తేలాలి, అద్దాలు తర్వాత

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. కార్లు అద్దెకిచ్చే సంస్థలో రిమోట్ డ్రైవర్‌గా చేస్తున్నాను. ఎవరైనా బుక్ చేసుకోగానే ఖాళీ కారును మా సెంటర్‌లోనే కూర్చుని, స్క్రీన్లు చూస్తూ, స్టీరింగ్, పెడల్స్‌తో నడిపి వాళ్ల దగ్గరికి చేరుస్తాం. వాళ్ల పని అయ్యాక మళ్లీ మేమే తెస్తాం. చేరి నాలుగు నెలలైంది. షిఫ్ట్ మొదలైన గంటకే కళ్లు మంట, తలనొప్పి, వికారం. మలుపులు ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది. ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్ర రోజూ షిఫ్ట్‌కి ముందు వేసుకుంటున్నా, కొంత నయం. ఈమధ్య మంచం మీద ఒత్తిగిలినా కాసేపు గది తిరుగుతోంది. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బీపీకి మాత్ర వాడుతున్నాను. స్క్రీన్ల వల్లే ఇదంతా అని తోటివాళ్లు అంటున్నారు. బ్లూ లైట్ అద్దాలు కొనమంటారా? ఏ రకం మంచిది?
– ఒక పాఠకుడు

సమాధానం: ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి సూటిగా విషయానికొస్తాను. ఇంత వివరంగా రాసిన మీరు ఆ మాత్ర పేరు మాత్రం రాయలేదు. నాకు కావలసింది అదే. ఎవరు రాసిచ్చారో కూడా చెప్పలేదు. బహుశా ఎవరూ రాసివ్వలేదు.

వాంతులకు, కళ్లు తిరగడానికి జనం సొంతంగా కొనుక్కునే మాత్రల్లో సాధారణంగా ఉండేవి మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్, ప్రోమెథజైన్, సిన్నరిజైన్ లాంటివి. ఇవన్నీ ఎక్కువో తక్కువో మత్తు తెచ్చేవే. ‘మత్తుగా అనిపిస్తే వాహనం నడపరాదు’ అని స్ట్రిప్ మీదో, లోపలి కాగితంలోనో రాసే ఉంటుంది. బస్సులో వెనక సీట్లో కూర్చుని ఊరెళ్లేవాడి కోసం తయారైన మందు అది. స్టీరింగ్ పట్టుకునేవాడు రోజూ వేసుకోవడం ఏమిటి?

‘నాకు నిద్ర రావడం లేదు కదా’ అంటారని తెలుసు. మా దగ్గరికొచ్చే ప్రతి డ్రైవరూ అదే అంటాడు. నమ్మకండి. 2000లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు డ్రైవింగ్ సిమ్యులేటర్ (రోడ్డు మీద నడుపుతున్నట్టే అనిపించే నమూనా యంత్రం) మీదే పరీక్షించి చూశారు. ఈ కోవకే చెందిన డైఫెన్‌హైడ్రమిన్ అనే అలర్జీ మందు 50 మిల్లీగ్రాములు ఇస్తే, నడపడం మద్యం తాగినప్పటికన్నా అధ్వానంగా ఉంది. అంతకన్నా ముఖ్యమైనది, ఎంత మత్తుగా ఉందని వాళ్లు చెప్పుకున్నదానికీ, ఎంత తప్పుగా నడిపారన్నదానికీ పొంతన లేదు. అంటే మత్తు మీకు తెలియకుండానే మీ పని చెడగొడుతుంది. మీది అదే మందని అనడం లేదు, కానీ దాని చుట్టమే అయ్యుండే అవకాశం ఎక్కువ. పైగా వీటిలో కొన్నింటి ప్రభావం, ముఖ్యంగా ప్రోమెథజైన్‌ది, మర్నాడు పొద్దుటిదాకా వదలదు.

మీ పనిలో ఇంకో చిక్కుంది. మామూలు డ్రైవర్ కునుకు తీయబోతే గుంతో, రోడ్డు అంచో ఒళ్లు కుదిపి లేపుతుంది. మీ కుర్చీ కదలదు. కెమెరా బొమ్మ మొబైల్ నెట్‌వర్క్ మీదుగా మీ స్క్రీన్‌కి చేరేసరికే రెప్పపాటు ఆలస్యం. దానికి మీ కాలు బ్రేకు మీదికి వెళ్లడంలో ఇంకో అరసెకను ఆలస్యం కలిపి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు అరసెకనులో దాదాపు 7 మీటర్లు వెళ్తుంది. కారు ఖాళీదే కావచ్చు, రోడ్డు దాటేవాళ్లున్నారు కదా.

అందుకని నా మాట: వైద్యుడు రాయకుండా మొదలుపెట్టిన మాత్రయితే డ్యూటీ రోజుల్లో వేసుకోవద్దు. ఎవరైనా రాసిచ్చినదైతే మీ అంతట మీరు ఆపకుండా వాళ్లనే అడిగి, నడిపే పని చేస్తున్నారని స్పష్టంగా చెప్పి, మార్పించుకోండి. బీపీ మాత్ర మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానవద్దు. అయితే కొన్ని బీపీ మందులతో లేచి నిలబడగానే తల తేలినట్టవుతుంది, మత్తు మాత్ర తోడైతే అది పెరగొచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూపించుకోండి. సిన్నరిజైన్ లాంటివి నెలల తరబడి వాడితే కొందరిలో చేతులు వణకడం, కదలికలు మందగించడం కూడా చూస్తాం. ‘చిన్న మాత్రే కదా’ అనుకునే అలవాటు మీద నాకు కోపం అందుకే.

ఇక నన్ను రెండోసారి ఆపిన మాట ‘మంచం మీద ఒత్తిగిలినా గది తిరుగుతోంది’. పడకగదిలో స్క్రీన్లేమీ లేవు కదా. అక్కడ కూడా తిరుగుతోందంటే ఉద్యోగం మీదికి నెట్టేయడం కుదరదు. లోపలి చెవిలో సన్నని కాల్షియం రేణువులుంటాయి. అవి ఉండాల్సిన చోటు నుంచి జారి అర్ధవృత్తాకార నాళాల్లో పడితే, తల ఒక భంగిమలోకి తిప్పినప్పుడు నిమిషంలోపు గిర్రున తిరిగి తగ్గిపోతుంది. బీపీపీవీ అంటాం. మీ వర్ణనకి అది సరిపోతోంది, కానీ చూడకుండా తేల్చిచెప్పలేను. మైగ్రేన్ వల్లా తిరగొచ్చు. చెవిలో హోరు, వినికిడి తగ్గడం కూడా ఉంటే వేరే ఆలోచించాలి. ఈఎన్‌టీ వైద్యులు బల్ల మీద పడుకోబెట్టి, తల పక్కకు వంచి, కళ్లు ఎలా కదులుతున్నాయో చూసి కొద్ది నిమిషాల్లో పట్టేస్తారు. బీపీపీవీ అయితే తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండు సిట్టింగుల్లోనే నయమవుతుంది. మాత్రతో ఆ రేణువులు వెనక్కి వెళ్లవు. పైగా ఈ మందుల్ని రోజుల తరబడి వాడితే తూలుడుకి మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. చెవి పరీక్ష అయ్యేదాకా నడిపే పని నుంచి పక్కకు జరగండి, సొంత కారైనా సరే. ఆఫీసులో చెప్పాలంటే ఉద్యోగం పోతుందేమోనని బెంగ ఉంటుంది, అర్థం చేసుకోగలను. మందుల విషయంలో ఏం తెలపాలో మీ సంస్థ నిబంధనల్లో ఉంటుంది, చదవండి. దాచిపెట్టి నడిపినప్పుడు ఏదైనా జరిగితే అప్పుడొచ్చే ఇబ్బంది ముందు ఇది చాలా చిన్నది.

షిఫ్ట్‌లో వచ్చే వికారం మాత్రం నిజంగా మీ పని వల్లే కావచ్చు. కారు మలుపు తిరుగుతోందని కళ్లు చెబుతాయి, కదలడం లేదని చెవి చెబుతుంది. ఈ పేచీ నుంచి పుట్టేదే సిమ్యులేటర్ సిక్‌నెస్. పైలట్లను సిమ్యులేటర్ల మీద తయారుచేసేవాళ్లకు ఇది పాత సంగతే. చాలామందికి కొద్దిరోజుల్లో అలవాటైపోతుంది. మీకు నాలుగు నెలలైనా తగ్గలేదంటే, ఇప్పటిదాకా చూపించుకోకపోవడం మీ తప్పే. చెవి పరీక్ష అయ్యి మళ్లీ నడిపే పనిలోకి వెళ్లాక, మొదట తక్కువ నిడివి ట్రిప్పులు, మలుపులు తక్కువుండే దారులు అడిగి తీసుకోండి. చూపు స్క్రీన్ అంచుల మీదికి పోనివ్వకుండా రోడ్డు దూరంగా కనిపించే చోట నిలపండి. ముఖానికి గాలి తగలాలి. ఖాళీ కడుపుతోనూ, మితిమీరి తినీ కూర్చోవద్దు. వికారం మొదలవగానే కారును సురక్షితంగా ఆపి వేరొకరికి అప్పగించే పద్ధతి ఏమిటో ముందే కనుక్కోండి. షిఫ్ట్ దిగాక కూడా కొందరికి కొన్ని గంటలు తూలుతున్నట్టే ఉంటుంది. ఆ రోజు ఇంటికి ఇంకెవరైనా దించడమే మంచిది.

అద్దాలంటారా, బ్లూ లైట్ అద్దాలకి డబ్బు పెట్టక్కర్లేదు. వాటితో కళ్ల అలసట చెప్పుకోదగ్గంత తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని 2023లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష తేల్చింది. మీ వయసుకి చత్వారం మొదలయ్యే కాలం. మీ స్క్రీన్ ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి, ఆ కొలత పట్టుకుని కంటి వైద్యుల దగ్గరికి వెళ్లండి, కావాలంటే ఆ దూరానికే అద్దాలిస్తారు. స్క్రీన్‌కి కళ్లప్పగిస్తే రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, మంట చాలామటుకు అందుకే. కారు నడుస్తుండగా చూపు తిప్పలేరు కాబట్టి, ఒక కారు అప్పగించి ఇంకోటి తీసుకునే మధ్యలో కాసేపు దూరంగా చూస్తూ, రెప్పలు నిండుగా మూసి తెరవండి. ఏసీ గాలి నేరుగా కళ్లలోకి కొట్టకుండా చూసుకోండి. ఎరుపు పోగొడతాయని అమ్మే చుక్కల మందులు సొంతంగా వేసుకోవద్దు, మళ్లీ అదే కథ అవుతుంది.

ఇవి మాత్రం వాయిదా వేసేవి కావు: ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత తలనొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడటం, నిలబడలేనంత తూలుడు. వీటిలో ఏది వచ్చినా నా జవాబు కోసం చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

వేళ్ల తిమ్మిరి ఏ వేళ్లకో రాయలేదు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుండొచ్చు. చిటికెన వేలు వైపైతే మోచేయి చూడాలి. మెడ నుంచి కూడా రావచ్చు. స్టీరింగ్ గట్టిగా బిగించి పట్టుకోకండి. రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తున్నా, పట్టు తగ్గుతున్నా నరాల పరీక్ష అవసరం కావచ్చు, ఈలోగా షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్ర స్ట్రిప్ జేబులో పెట్టుకెళ్లండి.