స్టాడ్ ముందా, ఈటాబ్స్ ముందా అని అడిగినవారికి

చెన్నైలో ఒక డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరారనీ, భవనాల మోడల్ గీసి వాటి మీద పడే బలాలను లెక్కించే సాఫ్ట్‌వేర్లైన స్టాడ్, ఈటాబ్స్‌లలో ముందు ఏది నేర్చుకోవాలో, మోడలింగ్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశారు. ఇదే ఊరిలో కొన్నేళ్లుగా కాంక్రీటు భవనాల డిజైన్ చేస్తున్నాను. మీ ఆఫీసుకు అపార్ట్‌మెంట్లు ఎక్కువగా వస్తుంటే ఈటాబ్స్, పారిశ్రామిక షెడ్లు వస్తుంటే స్టాడ్ పట్టుకోండి. ఒకటి బాగా వస్తే రెండోది త్వరగానే పట్టుబడుతుంది.

అంతకంటే ముఖ్యమైనది లోడ్ల లెక్క, అంటే భవనం మోయాల్సిన బరువుల లెక్క. ఆఫీసు ప్రాజెక్టు జోలికి వెళ్లకముందే, నాలుగు స్తంభాల మీద 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉన్న ఒకే గదిని మోడల్ చేయండి. స్లాబు మందం 125 మిల్లీమీటర్లు అనుకుంటే, ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్ల చొప్పున దాని బరువు 62.5 కిలోన్యూటన్లు. లోడ్ల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం నివాస గదులకు చెప్పే లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే గది మొత్తానికి 40. ఎనాలిసిస్ నడిపాక లైవ్ లోడ్ కేసులో నాలుగు సపోర్టుల నిలువు రియాక్షన్లను (ఆ బరువును ఆపుతూ అవి పైకి నెట్టే బలాలను) కూడితే ఆ 40 రావాలి. రాకపోతే లోడు బీములకు చేరడం లేదో, యూనిట్లు మారాయో వెతకాలి. డెడ్ లోడ్ (కట్టడపు సొంత బరువు) కేసులో మీ లెక్క కంటే సుమారు 62.5 ఎక్కువ కనబడితే స్లాబు బరువు రెండుసార్లు పడినట్టే. ఈటాబ్స్‌లో డెడ్ కేసుకు సెల్ఫ్ వెయిట్ మల్టిప్లయర్ (సొంత బరువును ఎన్ని రెట్లు కలపాలో చెప్పే సంఖ్య) ముందే 1గా ఉంటుంది కాబట్టి, మోడల్ చేసిన స్లాబు బరువును మళ్లీ చేత్తో వేయకూడదు. స్టాడ్‌లో మాత్రం సెల్ఫ్ వెయిట్ మనమే ఇవ్వాలి; స్లాబును ప్లేట్లుగా గీయకుండా గది వైశాల్యం మీద నేరుగా వేసే ఫ్లోర్ లోడ్‌తో సరిపెడితే స్లాబు బరువు కూడా అందులోనే కలపాలి.

గోడల లోడును కొత్తవారు చాలామంది తేలికగా తీసుకుంటారు, అది నన్ను నిజంగా కలవరపెడుతుంది. 230 మిల్లీమీటర్ల ఇటుక గోడ, పై బీము కింద 2.55 మీటర్ల ఎత్తు ఉంటే, దాన్ని మోసే కింది బీము మీద మీటరుకు సుమారు 11.7 కిలోన్యూటన్లు పడతాయి.

గాలి, భూకంపాల విలువలను పాత ఫైలు నుంచి కాపీ చేయకండి. చెన్నైకి బేసిక్ విండ్ స్పీడ్ (డిజైన్‌కు ఆధారంగా తీసుకునే గాలి వేగం) సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుకు 33. భూకంపాల ప్రమాణం ఐఎస్ 1893–2016 ప్రకారం చెన్నై మూడో భూకంప జోన్, జోన్ గుణకం 0.16, బెంగళూరు రెండో జోన్, 0.10. బెంగళూరు భవనపు ఫైలును టెంప్లేట్‌గా తెరిస్తే ముందుగా ఇవే మార్చండి. సీనియరు దగ్గరికి మోడల్ తీసుకెళ్లేటప్పుడు, ఒక్కో లోడ్ కేసుకు మీ చేతి లెక్క మొత్తాన్నీ సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి తీసుకెళ్లండి.