డ్రోన్ ఫుడ్ డెలివరీ సర్వే: హైదరాబాద్, లోగన్ సగటుల్లో అంత తేడా ఎందుకు?

మీ సర్వేలో రెండు ఊళ్ల సగటు మార్కులు బాగా తేడాగా వచ్చాయి కదా. ఆ తేడా సంస్కృతిది కాకపోవచ్చు, మీ సర్వే ప్రశ్నదే అయ్యుండొచ్చు. "డ్రోన్ డెలివరీ నాకు వీలుగా ఉంటుంది" అని రెండు చోట్లా అడిగారు. ఆస్ట్రేలియాలోని లోగన్‌లో 2019లో మొదలైన వింగ్ డ్రోన్ డెలివరీ సర్వీసులో పార్సిల్ తాడుతో పెరట్లోకి దిగుతుంది. హైదరాబాద్‌లో అయిదో అంతస్తు ఫ్లాట్‌కి పెరడెక్కడిది? వాళ్లు బాల్కనీని ఊహించుకుని మార్కు వేసి ఉంటారు.

1. రెండు చోట్లా అయిదారుగురితో ప్రశ్నలు చదివించి, ఏం అర్థమైందో చెప్పమనండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: టి-టెస్ట్‌తో (రెండు సగటుల తేడాని పరీక్షించే లెక్క) పోల్చే ముందు మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్ చూడాలి, అంటే ప్రశ్నలు రెండు చోట్లా ఒకే విషయాన్ని ఒకేలా కొలుస్తున్నాయా అని. మొదట కాన్ఫిగరల్ (ప్రశ్నల అమరిక ఒకటేనా), తర్వాత మెట్రిక్ (ప్రతి ప్రశ్నకీ అసలు అభిప్రాయంతో ఉన్న ముడి ఒకే బలంతో ఉందా), ఆపైన స్కేలార్ (ప్రశ్నల ఇంటర్‌సెప్ట్‌లు, అంటే అభిప్రాయం ఒకటే అయినప్పుడు పడే మూల మార్కులు, సమానమేనా). ఏ మెట్టు దగ్గరైనా సీఎఫ్‌ఐ (మోడల్ డేటాకి ఎంత సరిపోతుందో చెప్పే సూచిక) ముందు మెట్టు కంటే 0.01కి మించి తగ్గితే అక్కడే ఆగండి. స్కేలార్ నిలవకపోతే సగటులు నేరుగా పోల్చకండి, టెన్షన్ కూడా పడకండి.

3. స్కేలార్ దగ్గరే ఆగితే, తేడా తెస్తున్న ప్రశ్న ఇంటర్‌సెప్ట్‌ని మాత్రం రెండు చోట్లా సమానంగా ఉండాలన్న షరతు నుంచి వదిలేసి, ఆ పార్షియల్ స్కేలార్ మోడల్‌తో మళ్లీ పోల్చండి.