వేళ్ళు కదులుతున్నాయంటే ఎముక విరగనట్టేనా? మా నాన్న చెయ్యి, నా గూడ చెప్పిన సంగతి

అమ్మగారు వానలో మెట్ల మీద జారి అరచెయ్యి ఆనించారు, మణికట్టు వాచింది, వేళ్ళు కదులుతున్నాయి కాబట్టి విరగలేదు నాటు కట్టు చాలని పక్కింటాయన అన్నారు, ఇదే కదండీ మీ డౌటు. వేళ్ళు కదలడం గుర్తే కాదండి. వేళ్ళని ఆడించే కండలు చాలావరకు మణికట్టుకి పైన ముంజేతిలో ఉంటాయి, కింద ఎముక విరిగినా వేళ్ళు ఆడతాయి. మా నాన్న గుంటూరు బ్రాడీపేటలో బండి స్టాండ్ వేస్తూ పడిపోయి, అదే చేత్తో బండి నడుపుకుంటూ ఇంటికొచ్చి, కాఫీ తాగి, బెణికిందంతే అని బామ్ రాయించుకుని పడుకున్నాడు. తెల్లారి చూస్తే చెయ్యి బోర్లించిన గరిటెలా వంపు తిరిగుంది.

ఎక్స్‌రేలో రేడియస్ అనే ఎముక మణికట్టుకి కాస్త పైన విరిగి వెనక్కి వాలింది. కోలిస్ ఫ్రాక్చర్ అంటారంట. ఎక్స్‌రే వచ్చిందే 1895లో, ఐర్లాండ్ డాక్టర్ కోలిస్ మాత్రం 1814లోనే దీని గురించి రాశాడు, అలా అని మనవాళ్ళు కూడా చేత్తో పట్టి చూసి చెప్పేస్తారులే అనుకోకండి, వంపు లేకుండా విరిగినవీ ఉంటాయి. నాన్నకి మత్తిచ్చి లాగి సెట్ చేసి ముందు స్లాబే వేశారు, అంటే ఒక పక్క సిమెంటు, మిగతాది బ్యాండేజీ. పూర్తి కట్టు వెయ్యకుండా పంపిస్తున్నారేంటని మా నాన్న అక్కడే గొడవ. మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుద్ది, చుట్టూ సిమెంటు బిగిస్తే లోపల రక్తం ఆడదు, అందుకే అలా. వారానికి మళ్ళీ ఎక్స్‌రే తీసి, సెట్ చేసింది పక్కకి జారలేదని చూసుకుని పూర్తి కట్టు వేశారు. మొత్తం ఆరు వారాలు. కాలి పెద్ద ఎముకైతే మూడు నెలల పైమాటే, పిల్లలకి ఇంకా తొందరగా అతుక్కుంటాయి.

నాటు కట్టు అంటే నాకు చిన్నచూపేం లేదండి, పుత్తూరు కట్టు వేయించుకుని బాగైనవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. వెదురుబద్దలు పెట్టి కట్టినా, సిమెంటు వేసినా పని ఒకటే, ఎముకని కదలనివ్వకుండా ఉంచడం, అతుక్కునేది అది తనంతట తనే. కాకపోతే వంకరగా ఉన్నది వంకరగానే అతుక్కుంటుంది. బిగుతు ఇంకో గొడవ. మా బంధువులబ్బాయికి ఒకచోట గట్టిగా కట్టారు, వాడు రాత్రంతా ఏడుస్తుంటే విరిగిన చెయ్యి నొప్పుండదా అని ఊరుకున్నారు, పొద్దుటికి వేళ్ళు చల్లబడిపోయాయి. చెయ్యి దక్కింది గానీ వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా చాచలేడు. ఏ కట్టయినా సరే, మాత్ర వేసినా నొప్పి తగ్గక పెరుగుతున్నా, మనం వేలు పట్టి చాపితే ప్రాణం పోయినట్టు అరిచినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు తెల్లబడినా అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి వెళ్ళిపోండి, పొద్దున చూద్దాం అనుకోవద్దు.

కీలు జారడం వేరే సంగతి, అదీ చెప్తా ఎందుకంటే మీ పక్కింటాయన అది కూడా లాగుతాడేమో అని భయం. విజయవాడలో కాలేజీ రోజుల్లో క్యాచ్ కోసం ఎగిరి పడితే నాకు గూడ జారింది, ఫ్రెండొకడు నేను లాగి పెట్టేస్తారా అని ముందుకొచ్చాడు, పోరా నాయనా అని ఆటో ఎక్కా. డాక్టర్ ముందు గూడ బయటివైపు గిల్లి స్పర్శ ఉందా అని చూశారు, అక్కడో నరం ఉంటుందట, జారినప్పుడు అది దెబ్బతినొచ్చు. తర్వాత ఎక్స్‌రే, జారడంతోపాటు ఎముక కూడా విరిగుంటే చూసుకోకుండా లాగితే ఇంకా చెడుతుందని. లోపలికి పడగానే నొప్పి సగం పోయింది, ఆ సంతోషంలో ఫిజియోథెరపీ ఎగ్గొట్టా, ఐదు నెలలకి అటక మీద సూట్‌కేస్ దించబోతే మళ్ళీ జారింది. కుర్ర వయసులో ఒకసారి జారితే మళ్ళీ జారడం చాలా మామూలంట, నాకెవరూ చెప్పలేదు అనను, చెప్పారు, విన్లేదు.

అమ్మగారికి ఇప్పుడు చెయ్యాల్సింది, మసాజ్ వద్దు, మందపాటి అట్టముక్క చేతి కింద పెట్టి గుడ్డతో వదులుగా చుట్టి చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచి తీసుకెళ్ళండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు, దార్లో టిఫిన్ పెట్టకండి. ఆ వయసు ఆడవాళ్ళకి చిన్నగా పడితేనే విరిగితే ఎముకల బలం టెస్ట్ కూడా అవసరమా అని అడగండి. అన్నిటికంటే ముందు ఆ చేతి గాజులు, ఉంగరాలు తీసేయండి, మా నాన్న పెళ్ళినాటి ఉంగరం వాపు వల్ల కట్ చేయించాల్సొచ్చింది.