వాడిన లగ్జరీ ఎస్‌యూవీ: కొనడం ఒక ఎత్తు, పోషించడం మరో ఎత్తు

ప్రశ్న: ఇంట్లో ఆరుగురం ఉన్నాం. ఎనిమిదేళ్లుగా వాడుతున్న ఇన్నోవాను అమ్మేసి, 2016 నాటి ఆడి క్యూ7 డీజిల్ బండిని కొనాలనుకుంటున్నాను. 82,000 కిలోమీటర్లు తిరిగిందట, 19 లక్షలు చెబుతున్నారు. ఇంత బండి ఈ ధరకు మళ్లీ దొరకదని మా అబ్బాయి, అది తెల్ల ఏనుగని మా తమ్ముడు వాదించుకుంటున్నారు. ఏడాదికి 12,000 కిలోమీటర్లకు మించి తిరగం, అదీ ఎక్కువగా ఊళ్లోనే. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: రెండో తరం క్యూ7 2015 డిసెంబరులో మన దేశంలో విడుదలైనప్పుడు దాని ఎక్స్-షోరూమ్ ధర 72 లక్షల రూపాయల దగ్గర మొదలైంది. ఇప్పుడు బండి విలువ నాలుగో వంతుకు దిగింది కాని, అందులో ఏ భాగం చెడినా మీరు కొనవలసింది 72 లక్షల బండికి తయారైన భాగాన్నే. మీ అబ్బాయి, తమ్ముడు ఇద్దరూ ఈ లెక్క దగ్గర కూర్చుంటే వాదన చాలావరకు తేలిపోతుంది.

మీరు చూసిన బండిలో ఎయిర్ సస్పెన్షన్ ఉంటే పరీక్షను అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఇందులో ఉక్కు స్ప్రింగుల స్థానంలో గాలి నిండిన రబ్బరు తిత్తులు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మడతల దగ్గర సన్నని బీటలు వచ్చి గాలి కొద్దికొద్దిగా కారిపోతుంది, ఆ లోటును పూడ్చడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి చివరికి అదీ కాలిపోతుంది. అంటే, మొదట ఒక తిత్తితో పోవలసిన ఖర్చు, పట్టించుకోకపోతే కంప్రెసర్‌కూ, దానికి కరెంటు అందించే రిలేకూ కూడా పాకుతుంది. అమ్మేవారికి ముందే చెప్పి, రాత్రి నిలిపిన బండిని మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. ఉదయాన్నే వెళ్లి నాలుగు చక్రాల దగ్గరా టైరుకూ పైనున్న వీల్ ఆర్చ్‌కూ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడండి. మూడు మూలల్లో నాలుగు వేళ్లు పట్టి, ఒక మూలన రెండే పడితే గాలి ఎక్కడ పోతోందో తెలిసినట్టే. నేను ఒక మిత్రుడి కోసం ఇలా చూడబోయినప్పుడు, మేము చేరేసరికే బండి స్టార్ట్ చేసి, కడిగి, ఏసీ వేసి సిద్ధంగా ఉంచారు. ఆ మర్యాదకు మురిసిపోకుండా మర్నాడు మళ్లీ వెళితే వెనుక ఎడమ మూల కుంగి కనిపించింది.

రెండో విషయం మన ఊరికి సంబంధించింది. బండి ఇన్నాళ్లూ ఎక్కడ నిలిచిందో అడగండి. బీచ్ రోడ్డు వెంట, రుషికొండ నుంచి భీమిలి దాకా, సముద్రానికి ఎదురుగా ఆరుబయట నిలిచిన బండికీ, లోపలి కాలనీలో షెడ్డులో ఉన్న బండికీ అడుగుభాగంలో చాలా తేడా ఉంటుంది. ఉప్పుగాలికి అల్యూమినియం భాగాల మీద తెల్లని పొడి పేరుకుంటుంది, ఏసీ కండెన్సర్ రేకులు తినేసినట్లవుతాయి, వైరింగ్ కనెక్టర్లలో పచ్చని చిలుము పట్టి సెన్సర్లు తప్పుడు హెచ్చరికలు ఇస్తాయి. బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు.

మీ వాడకం ఎక్కువగా ఊళ్లోనే అన్నారు. డీజిల్ ఎస్‌యూవీకి అసలు చిక్కు అదే. పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత తనను తాను శుభ్రం చేసుకోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. మద్దిలపాలెం సిగ్నల్ నుంచి జగదాంబ దాకా రోజూ నాలుగైదు కిలోమీటర్లు పాకే బండికి ఆ అవకాశం దొరకదు. మసి నిండి హెచ్చరిక దీపం వెలుగుతుంది, దాంతోపాటే, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు కూడా మసితో పూడుకుపోతుంది. కొంటే మాత్రం వారానికొకసారైనా జాతీయ రహదారి 16 మీద అరగంట నడపడం, తక్కువ బూడిద మిగిల్చే సరైన ఇంజిన్ ఆయిల్‌నే పోయించడం తప్పనిసరి. ఆయిల్‌లో వంద రూపాయలు మిగుల్చుకోవడం ఈ బండి విషయంలో పొదుపు కాదు.

ఈ మూడు లీటర్ల వి6 ఇంజిన్‌లో, వాల్వులు సరైన సమయంలో తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ గొలుసు వెనుక, గేర్‌బాక్స్ వైపున ఉంటుంది కాబట్టి దాని పని పడితే కూలీయే భారమవుతుంది. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు గలగల వినిపిస్తే ఆ బండిని వదిలేయండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కరలేదని చెప్పేవారుంటారు, కాని దాన్ని తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మీ బండి సరిగ్గా అక్కడే ఉంది. సింహాచలం కొండ ఎక్కించి చూస్తే గేర్లు కుదుపు లేకుండా మారుతున్నాయో లేదో తెలుస్తుంది.

ఇక లెక్క. లీటరుకు 10 కిలోమీటర్లు వస్తుందనుకుంటే మీ 12,000 కిలోమీటర్లకు 1,200 లీటర్లు, లీటరు 96 రూపాయలు అనుకుంటే 1,15,200 రూపాయలు. బీమా, టైర్లు, సర్వీసు, మరమ్మతులకు కలిపి ఏడాదికి మరో రెండు లక్షలు అనుకోండి, మొదటి ఏడాది కోసం మూడు లక్షలు విడిగా పక్కన పెట్టండి. ఇవి నా అంచనాలే కాని, తక్కువ అనుకుని దిగిన వారే తరచుగా ఏడాది తిరగకుండా బండిని అమ్మకానికి పెడతారు. సమగ్ర బీమా ఉంది కదా అనుకోవద్దు, అరుగుదలకూ ముదిరిన రబ్బరుకూ బీమా వర్తించదు.

బండి ధర 19 లక్షలకు ఆ మూడు లక్షలూ కలిపి 22 లక్షలు మీ చేతిలో ఉండి, అమ్మేవారు పూర్తి సర్వీసు చరిత్ర చూపిస్తే కొనండి. అప్పు చేసి మాత్రం కొనవద్దు. నన్నడిగితే ఇన్నోవాను కూడా అప్పుడే అమ్మకండి, విడిభాగం కోసం క్యూ7 రెండు వారాలు గ్యారేజీలో ఉండిపోయిన రోజున ఇన్నోవా విలువ తెలుస్తుంది.

ప్రశ్న: మా ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీకి ముందు టైర్లు రెండూ అరిగిపోతే వాటినే మార్పించాం. నెల తిరగకుండా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్కింగ్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు బండి కింద ఎవరో పట్టి లాగినట్లు కుదుపు మొదలైంది. టైర్లకూ దీనికీ సంబంధం ఉందా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఉండే అవకాశం బాగా ఉందమ్మా. కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లు, వెనుక టైర్లది 3 మిల్లీమీటర్లు అనుకుంటే చక్రం వ్యాసంలో 10 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. 255/55 ఆర్19 కొలత టైరు విషయంలో ఇది కిలోమీటరుకు ఐదారు చుట్ల తేడా. ముందు వెనుకల మధ్య శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ ఈ తేడాను సర్దుతూ ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది, లోపలి ఆయిల్ పాడవుతుంది. ముందుగా నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే అరుగుదల ఉండేలా చేసి, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ మార్పించండి. కుదుపు అప్పటికీ పోకపోతేనే క్లచ్ విప్పే మాట ఆలోచించండి. నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

ప్రశ్న: ఢిల్లీలో రిజిస్టరైన 2014 నాటి డీజిల్ లగ్జరీ ఎస్‌యూవీ ఇక్కడి ధరకన్నా నాలుగు లక్షలు తక్కువకు వస్తోంది. తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించడం వల్లనే అక్కడ వాటి ధరలు పడ్డాయి. బండి మంచిదే కావచ్చు. అయితే అక్కడి కార్యాలయం నుంచి ఫారం 28 ప్రకారం నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టి 12 నెలలలోపు కొత్త నంబరు తీసుకోవాలి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు కనుక మీ చేతికి వచ్చేది 2029 వరకే, ఆపైన పునరుద్ధరణ. పన్ను ఎంతవుతుందో రవాణా కార్యాలయంలో ముందే అడిగి, ఆ నాలుగు లక్షల్లో మిగిలేదెంతో చూసుకోండి. దూరం నుంచి వచ్చిన బండికి నీట మునిగిన చరిత్ర ఉందేమో కూడా చూడాలి. దూరమే అక్కరలేదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనే ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి, సాధారణంగా లోపలే చుట్టుకుని ఉండే భాగంలో మట్టి చార ఉందేమో చూడండి. పైపైన పాలిష్ చేసేవారు అక్కడిదాకా వెళ్లరు.